రెండూ ఎడమ చేతులే

పొద్దున్నే ముందుగదిలో కుట్టుమిషన్ చప్పుడు మొదలైంది. ఆ ఇంటి తోడికోడళ్ళిద్దరిదీ దర్జీ పనే. పెద్దావిడ బల్ల దగ్గర నిలబడి గుడ్డ కత్తిరిస్తుంది, చిన్నావిడ కూర్చుని కుడుతుంది. పదహారేళ్ళుగా అదే వరస.

మూడు నెలల కిందట చిన్నావిడ వెన్నుకి వైద్యం జరిగింది. వెన్నులో నరాలు పోయే దారి ఇరుకైపోయి, పాపం, నాలుగడుగులేస్తే కాళ్ళు మొద్దుబారేవి. డాక్టరు నడుం దగ్గర గోరంత గాటు పెట్టి, సన్నని గొట్టంలోంచే నరాన్ని నొక్కుతున్నదంతా తీసేశాడు. మర్నాడే ఇంటికి పంపేశాడు. ఇప్పుడు మనిషి నిటారుగా నడుస్తోంది.

ఆ నిటారే పెద్దావిడ కంట్లో నలుసైంది. గుమ్మంలోకొచ్చిన ప్రతివాళ్ళూ చిన్నదాన్ని మెచ్చుకునేవాళ్ళే. తన నడుమూ ఏడాదిగా పీకుతోంది, ఎడమకాలు తిమ్మిరెక్కుతోంది. నోరు విప్పితేనా! చెబితే బల్ల చేజారుతుందని భయం. దానికి తోడు చిన్నది రోజూ వెంటపడుతోంది.

"కాసేపు కూర్చో అక్కా, నేను కత్తిరిస్తా."

"నువ్వు నీ మిషన్ చూసుకో తల్లీ! ముచ్చటగా నిలబడ్డావని బల్ల కూడా కావాలా?"

అందుకే ఆరోజు అందరికంటే ముందు లేచి, వీధిలోని టీచరమ్మ కుట్టమని ఇచ్చిన కోటు గుడ్డ తనే కత్తిరించేసింది. కాలు మొద్దుబారింది, పని తొందర. మొదటి చెయ్యి కత్తిరించాక కాగితం నమూనా తిరగేసి రెండోది కత్తిరించాలి కదా, తిరగెయ్యడం మరిచిపోయింది. రెండూ ఎడమ చేతులే అయ్యాయి.

చిన్నావిడ ముక్కలు పట్టుకుని తెల్లబోయింది. సరిగ్గా అప్పుడే టీచరమ్మ కొలత చూసుకోవడానికి వచ్చింది.

"నాకు కుడిచెయ్యి లేదనుకున్నారా ఏమిటి?" అంది ముక్కలు చూసి.

"నేను కాదు, ఇదే కత్తిరించింది," అనేసింది పెద్దావిడ. "ఈమధ్య దీనికి బల్ల మీద మోజు పుట్టిందిలెండి!"

చిన్నావిడ తలెత్తి తోడికోడలి వైపు చూసింది. తర్వాత మెల్లగా, "పొరపాటు నాదే టీచరమ్మా. సరిపడా గుడ్డ తెచ్చి మళ్ళీ కత్తిరిస్తాం," అంది.

"నడుం బాగుపడితే చాలదమ్మా, పనీ రావాలి. కత్తెర పెద్దావిడకే వదిలెయ్యి," అని విసుక్కుంటూ టీచరమ్మ వెళ్ళిపోయింది.

కోరుకున్న మాటే. ఎందుకో పెద్దావిడకి సంతోషానికి బదులు ఒళ్ళు మండింది. ఆ మంటంతా చిన్నదాని మీదే చూపించింది.

"ఎందుకే ఒప్పుకున్నావు? గొప్పదానివనిపించుకోవాలనా?"

"గొప్పా పాడా! నీ మోచేతులు చూసుకున్నావా? బల్లకి ఒరుసుకుని నల్లబడ్డాయి. దాని మీదకి వాలితేగాని నిలబడలేకపోతున్నావు. వంగితే హాయి, లేస్తే నరకం. రెండేళ్ళు ఈ మిషన్ మీద నేనూ అలాగే వంగి బతికానక్కా. నాకు తెలియదా?"

"తెలిస్తే అడగవేం?"

"అడిగితే కరుస్తావుగా!"

నవ్వబోయి ఏడ్చేసింది పెద్దావిడ. "నీ నడుం చూసి కుళ్ళుకున్నానే. నువ్వు నిటారుగా లేచినప్పుడల్లా నన్ను పక్కకి నెట్టేసినట్టుండేది."

"నిన్ను నెట్టి నేనేం చెయ్యను? నువ్వు గుడ్డ మీద గీత గియ్యకపోతే నా కుట్టు ఏ మూలకి? రేపు డాక్టరు దగ్గరికి పోదాం. మందులు చాలంటాడో, వ్యాయామమంటాడో, నాలాగే గాటు పెట్టాలంటాడో ఆయనే చెప్తాడు."

పెద్దావిడ కళ్ళు తుడుచుకుని గబగబా వీధిలోకి నడిచింది. పది అడుగులకే కాలు లాగేసింది. గోడ పట్టుకుని వంగిపోయి, మలుపు దగ్గరున్న టీచరమ్మని గట్టిగా కేకేసింది.

"టీచరమ్మా! ఆ చేతులు కత్తిరించింది నేనే! మా చిన్నదానిది కాదు తప్పు. నాకు నిలబడే ఓపిక లేదు, అది చెప్పుకోలేక అబద్ధమాడాను!"

వీధిలో నలుగురూ ఆగి చూశారు. ఆమెకి సిగ్గనిపించలేదు. వెనకే పరుగున వచ్చిన చిన్నావిడ భుజం మీద తన బరువంతా వేసి, ఏడాది తర్వాత మొదటిసారి, "అబ్బా, నొప్పే," అని పైకి అనేసింది.