మలుపులో ఇరుక్కున్న రెక్క

గాలిమర రెక్క వీధిలోకి వచ్చిన రోజు జనం పనులు మానుకుని మరీ చూశారు. తెల్లటి పొడవాటి రెక్క, దాని కింద లెక్కలేనన్ని చక్రాల లారీ, ముందొక జీపు, వెనకొక జీపు. అన్నిటికంటే ముందు, ఆరెంజ్ కోటు వేసుకుని ఈల ఊదుతూ ఓ కుర్ర ఇంజినీరు. తప్పుకోండని చేతులు ఊపేదీ అతనే, ప్రపంచాన్ని తానొక్కడే కాపాడుతున్నట్టు నడిచేదీ అతనే.

మూలమలుపు దగ్గర ప్రపంచం ఆగిపోయింది. లారీ ముందుభాగం మలుపు తిరిగింది కానీ, రెక్క తోక బయటికి ఊగి కోల్డ్ రూమ్ ముందున్న రేకుల షెడ్డు ఇనప స్తంభానికి ఆనుకుంది. ముందుకు పోతే రెక్క చీరుకుపోతుంది. వెనక్కి పోదామంటే అప్పటికే వెనక వీధి నిండా బళ్ళు.

కోల్డ్ రూమ్ తలుపు తెరుచుకుంది. ఊరు దాటి పోవలసిన కూరలూ పళ్ళూ చెడిపోకుండా దాచే ఆ గదికి యజమానురాలు బయటికి వచ్చింది. మార్కెట్లో వాళ్ళు ఎదురుగా అక్కా అంటారు, వెనకాల ఫ్రిజ్ మేడం అంటారు. ఆమె చూపు కూడా గదిలోంచే వస్తుందని వాళ్ళ అభిప్రాయం.

"ఏమండీ, ఆ ఈల ఆపుతారా? మీ రెక్క మా స్తంభాన్ని కావలించుకుంది."

"మీ స్తంభమే మా దారికి అడ్డం వచ్చిందండీ. నేను కొలిచినప్పుడు ఇది లేదు."

"ఎప్పుడు కొలిచారేం?"

"మార్కెట్ సెలవు రోజు. రోడ్డు ఖాళీగా ఉంటుందని."

"భేష్. కొట్లన్నీ మూసి ఉన్నప్పుడు వచ్చి బజారంతా చూసేశారన్నమాట. ఆరోజుకే ఈ స్తంభాలు మా లోపల పడున్నాయి. తలుపు తట్టి ఒక్క మాట అడిగుంటే చెప్పేదాన్ని."

"తలుపు తట్టి, 'ఏమండీ, రోడ్డు మీద స్తంభం పాతే ఉద్దేశం ఏమైనా ఉందా' అని అడగాలని తోచలేదు. నాదే తప్పు."

ఆమెకి ఆ మాట చురుక్కున తగిలింది. నిజానికి షెడ్డు వాళ్ళ హద్దు దాటి రోడ్డు మీదికే వచ్చింది. సరుకు ఎక్కించేటప్పుడు ఎండ తగిలితే గది రెండింతలు కరెంటు తాగుతుందని, నీడ కోసం జరిపి వేయించింది. ఉద్దేశం మంచిదే. కానీ హద్దు హద్దే. ఆ సంగతి వీధి వీధంతా చూస్తుండగా ఒక ఆరెంజ్ కోటుకి ఒప్పుకోవడమా? ఇంకా నయం!

లోపల జనరేటర్ దగ్గింది. గొట్టంలోంచి నల్లటి పొగ వచ్చి అతని తెల్లరెక్క మీదుగా పోయింది. అతను ముక్కు చిట్లించాడు.

"బఠాణీలు చల్లగా ఉండడానికి ఇంత పొగా? ఆకాశం ఏం పాపం చేసిందండీ?"

"పొద్దున్నుంచీ ఈ వీధికి కరెంటు తీయించిందెవరు?"

అతను తలెత్తి తీగల వైపు చూశాడు.

"చెప్పండి పంకాగారూ. మీ రెక్క తీగల కింద దూరాలని కరెంటు తీయించింది మీరు కాదా? శుభ్రమైన కరెంటు తేవడానికి ఉన్న కరెంటు పీకించి, నా చేత డీజిల్ తగలబెట్టిస్తూ, మళ్ళీ ముక్కు మూసుకోవడం ఒకటి! ఇంతకీ ఈ రెక్క దేనిమీద వచ్చింది? గాలి మీద ఎగురుకుంటూ వచ్చిందా?"

జనం నవ్వారు. గోడ పక్కన కుర్చీలో కూర్చున్న ఆమె నాన్న మాత్రం నవ్వలేదు. ఆ కోల్డ్ రూమ్ కట్టించింది ఆయనే. మోకాళ్ళు మొరాయించాక పెత్తనం కూతురికిచ్చి, వ్యాఖ్యానం తనకి ఉంచుకున్నాడు.

"గురివింద గింజలు రెండూ ఒకచోట చేరాయి. నలుపెవరిదో తేలేలోపు సరుకు కుళ్ళుతుంది" అన్నాడు.

మధ్యాహ్నమైంది. ఎవరూ మెట్టు దిగలేదు. అతను లారీ మెట్టు మీద కూర్చుని ఆపిల్ తింటున్నాడు. దాని మీది స్టిక్కర్ ఆమె కంట పడనే పడింది.

"ఓహో! ఆ పండు ఎన్ని సముద్రాలు దాటొచ్చిందో? పర్యావరణ ప్రేమికులు తినదగ్గదే."

"ఓడలో వేలకొద్దీ పండ్లతో కలిసి వచ్చిందండీ. మీ గదిలో ఆర్నెల్లు ముసుగుతన్ని పడుకున్న ఆపిల్ దీనికంటే ఎక్కువే ఇంధనం తగలేసి ఉంటుంది. దగ్గరిదైనంత మాత్రాన పతివ్రత కాదు."

అతను చెప్పింది అబద్ధం కాదు. అంతకంటే ఘోరం, చెబుతూ నవ్వాడు. ఆ నవ్వు బాగుంది. తనకి నచ్చనివాళ్ళకి మంచి నవ్వు ఉండడం ఆమె ఎప్పుడూ క్షమించలేకపోయింది.

అంతలో జనరేటర్ చప్పుడు మారింది. డ్రమ్ము అడుగంటుతోంది. డీజిల్ తెచ్చే బండి రెక్కకి అవతల, బళ్ళ వరసలో ఎక్కడో చిట్టచివర ఇరుక్కుని ఉంది. గదిలో పుట్టగొడుగులూ బఠాణీలూ నిండుగా ఉన్నాయి. చుట్టుపక్కల రైతులు తన మాట నమ్మి దించిన సరుకు. సాయంత్రానికి గది వేడెక్కిందంటే వాళ్ళ పంటంతా పోతుంది. మళ్ళీ ఆ గుమ్మం తొక్కేవాడుండడు.

ఆమె ముఖంలో వెటకారం పోయింది. అతను చూశాడు.

"ఎంత సేపు ఆగుతుంది?"

"మీకెందుకు?"

"చెప్పండి."

"కాసేపే."

అతను ఆరెంజ్ కోటు విప్పి లారీ మీదికి విసిరి, బళ్ళ మధ్యలోంచి పరుగెత్తాడు. సరిగ్గా అప్పుడే వాన మొదలైంది. ఇలాంటి కథల్లో వానకి వేరే పనేముంటుంది కనక? కానీ ఇది అందమైన వాన కాదు. రేకుల మీద డబడబమంటూ, కాలువని రోడ్డెక్కించే వాన.

ఆ వానలో, చెరో చేతిలో డీజిల్ క్యానుతో, బళ్ళ సందుల్లోంచి పక్కకి పక్కకి నడుస్తూ వచ్చాడు గాలిమరల ఇంజినీరు. చొక్కా నిండా డీజిల్. క్యాన్లు దించి మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ వచ్చాడు. నడుమెత్తలేక గోడ పట్టుకున్నప్పుడు మాత్రం ఆగాడు.

"పంకాగారూ, డీజిల్ మోస్తున్నారు. మీవాళ్ళు చూస్తే ఉద్యోగం ఊడుతుంది."

"నా రెక్క వల్ల మీ రైతుల పంట పోతే, రేపు ఆ గాలిమర తిరుగుతుంటే ఏ మొహం పెట్టుకుని చూస్తాను? ముందు దీన్ని పొయ్యండి. తిట్టడం తర్వాత."

ఆమె పోసింది. జనరేటర్ గొంతు సర్దుకుంది. ఒక మనిషి తన పొగరు పక్కన పెట్టి, తను అసహ్యించుకునేదాన్ని భుజాన వేసుకుని రావడం ఆమె అంతకు ముందు చూడలేదు. తను అంతపని చెయ్యగలదా? పొద్దున్నుంచీ ఒక్క స్తంభం గురించి ఒక్క ముక్క ఒప్పుకోలేకపోయింది.

లోపలికి వెళ్ళి పెద్ద స్పానర్ తెచ్చి, స్తంభం కింద బోల్టు దగ్గర కూర్చుంది.

"ఏం చేస్తున్నారు?" అన్నాడతను కంగారుగా.

"కనబడట్లేదా? షెడ్డు విప్పుతున్నాను. హద్దు దాటింది నేను. కొలవడం రానిది మీకు. లెక్క సరిపోయింది. నోరు మూసుకుని అటువైపు బోల్టు పట్టండి."

నాన్న కుర్చీలోంచి ఒక్క మాట అన్నాడు. "పొద్దున్నే చేసి ఉంటే తడిసేవాళ్ళు కాదుగా."

రేకులు దిగాయి, స్తంభం లేచింది. రెక్క తోక గోడకి జానెడు దూరంలోంచి మెల్లగా జారిపోయింది. జనం చప్పట్లు కొట్టారు. అతను లారీ ఎక్కి వెనక్కి తిరిగి చూశాడు. ఆమె చూడనట్టు నటించింది. ఆమె జీవితంలో అంత చేతకాని నటన మరొకటి లేదు.

తరువాత నెలల తరబడి అతను రాలేదు. కొండ మీద గాలిమర మాత్రం లేచింది. దానికి దారి వెయ్యడానికి చెట్లు కొట్టేశారని తెలిసి ఆమె తిట్టుకుంది. అది తిరగడం మొదలయ్యాక జనరేటర్‌కి పని తగ్గిందని తెలిసి మరింత తిట్టుకుంది, ఇక అతన్ని తిట్టడానికి కారణాలు అయిపోతున్నాయని. గాలి లేని రోజున రెక్కలు కదలకపోతే, అతనికి ఒంట్లో బాగాలేదేమోనని అనిపించేది. ఆ ఆలోచనకి తనని తానే ఛీకొట్టుకునేది.

ఒకరోజు, మార్కెట్ కిటకిటలాడుతున్న వేళ, కోల్డ్ రూమ్ తలుపు ఎవరో తట్టారు. తీస్తే ఎదురుగా అతను. ఆరెంజ్ కోటు లేదు. చేతిలో కొలతల టేపు ఉంది.

"మళ్ళీ ఏం ఇరికిద్దామని?"

"ఈసారి పనిరోజే వచ్చాను. తలుపు కూడా తట్టాను."

"చూస్తున్నాగా. దేనికి కొలత?"

"హద్దు లోపలే షెడ్డు వేసి, నీడ మాత్రం రోడ్డు దాకా వచ్చేలా చెయ్యొచ్చు. గీసుకొచ్చాను." అని ఆగాడు. టేపు లాగి వదిలాడు. "అదొక్కటే కాదు. ఇన్నాళ్ళూ కొండ మీద ఎంత గాలి వీచినా నీ తిట్లే వినబడ్డాయి. నువ్వంటే నాకిష్టం. మీ ఇంట్లో ఇంకో మనిషికి చోటుంటుందేమో కొలుచుకుందామని వచ్చాను."

ఆమె గుండె జనరేటర్ కంటే గట్టిగా కొట్టుకుంది. కుర్చీలో నాన్న పేపరు తలకిందులుగా పట్టుకుని శ్రద్ధగా చదువుతున్నాడు.

"నీకు కొలవడం ఎప్పటికీ రాదు" అందామె. 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఆమె గమనించనే లేదు. "ముందుభాగం ఎవరికైనా తిరుగుతుంది. మలుపులో తగిలేది వెనక వచ్చేదే. నా వెనక ఈ నాన్న వస్తాడు, ఆ పొగ జనరేటర్ వస్తుంది, ఈ నోరు వస్తుంది. కొలుచుకున్నావా?"

"అన్నిటికంటే ముందు అదే కొలిచాను."

"ఏమొచ్చింది?"

"జానెడు ఖాళీ కూడా లేదు. ఏదో ఒకటి విప్పాలి." అతను టేపు చుట్టేసి జేబులో పెట్టుకున్నాడు. "నా పొగరు ఆరోజే కోటుతోపాటు విప్పి లారీ మీద పడేశాను."

నాన్న పేపరు దించాడు.

"అమ్మాయ్, స్పానర్ ఎక్కడ పెట్టావు?" అన్నాడు. "నీది కూడా విప్పడానికి ఈసారి సాయంత్రం దాకా ఆగలేను."

ఆమె ఫక్కున నవ్వింది. ఫ్రిజ్ మేడం అలా నవ్వగా మార్కెట్ ఎప్పుడూ వినలేదు. తలుపు బార్లా తెరిచి పక్కకి తప్పుకుంది.

"త్వరగా లోపలికి రా" అంది అతనితో. "చల్లదనం పోతోంది."