పొడి గది విన్నపం

నోవా మరేలో, కింది అంతస్తు వాళ్ళకి ఉతికిన బట్ట ఆరడానికి నాలుగు రోజులు పట్టేది. నాలుగో రోజున కూడా నడుము పట్టీ దగ్గర చెమ్మ తగిలేది. అందుకని నూకరత్నం తన మూడేళ్ళ కూతురు మైథిలి గౌన్లని పొట్టకి చుట్టుకుని, పైన చీర కట్టుకుని పనికి వెళ్ళేది. ఒంటి వేడికి మధ్యాహ్నానికల్లా ఒక గౌను ఆరేది.

నోవా మరే అట్లాంటిక్ సముద్రం మీద తేలే నగరం. పోర్చుగీసు మాట్లాడే దేశాలు కొన్ని కలిసి 2080లలో కట్టుకున్నాయి. నీటికి పైన ఆరు అంతస్తులు, కింద రెండు. సముద్రపు నాచు పండించడానికి శ్రీకాకుళం తీరం నుంచి వచ్చిన మూడు వందల కుటుంబాలు ఆ కింది రెండింటిలో ఉండేవి. నాచు పని వాళ్ళకి కష్టం కాలేదు. ఆఫీసు భాష కష్టమైంది. బజారు పోర్చుగీసు పిల్లలు కూడా నేర్చేసుకున్నారు. కానీ 'మాకు ఇది కావాలి' అని ఒక అధికారికి చెప్పడానికి ఆ భాషలో వేరే మర్యాద ఉంది, మెట్లు మెట్లుగా. ఏ మెట్టు మీద నిలబడి అడిగారన్నదాన్ని బట్టి జవాబు వచ్చేది.

అందుకోసం పుట్టిందే విన్నపి. గొంతు కింద, తాళిబొట్టు ఉండేచోట, రాగి బిళ్ళలా అతుక్కుని ఉంటుంది. మనం తెలుగులో చెప్తే అది నిండైన ఆఫీసు పోర్చుగీసులో చెప్తుంది, వాళ్ళ జవాబుని మన చెవిలో తెలుగులో చెప్తుంది. మొదట్లో అది వట్టి అనువాద యంత్రమే. అప్పుడేమైందంటే, కిటికీ తెర కావలసినవాళ్ళు, గుండె మందు కావలసినవాళ్ళు అందరూ పై మెట్టు మాటే వాడమన్నారు. అధికారులు ఎవరినీ నమ్మడం మానేశారు. డాక్టరు చీటీలూ పని చెయ్యలేదు. కింది అంతస్తుల్లో ప్రతి బిడ్డ చీటీలోనూ 'చెమ్మ దగ్గు' అనే ఉండేది.

అప్పుడు డాక్టర్ తామాడ శశిరేఖ దానికి 'అక్కర కొలత' అనే భాగాన్ని కలిపింది. బిళ్ళ వెనక సెన్సర్లు నాడినీ, చెమటనీ, గొంతు కండరాల బిగువునీ చూస్తాయి. నోరు ఏమన్నా అననీ, ఒంట్లో ఎంత అక్కర ఉందో అంతే మాట బయటికి వస్తుంది. ఉత్త కోరికైతే తెల్ల దీపం వెలిగి, 'గొస్తారియా', అంటే 'అయితే బాగుండును' అంటుంది. అవసరమైతే పసుపు దీపం, 'ఎ నెసెసారియు'. తప్పనిసరైతే ఎర్ర దీపం, 'ఎ ఇంపెరియోజు'. ఆ చివరి మాట విన్న అధికారి కాదనడానికి వీల్లేదు. నగర చట్టం అలా రాసుకున్నారు. ఒళ్ళు అబద్ధం ఆడదు కదా అని శశిరేఖ వాదన. అందరూ ఒప్పుకున్నారు.

ఆ సంవత్సరం నాలుగో అంతస్తులో ఒక పొడి గది ఖాళీ అయింది. ఒకే ఒక్కటి. దానికి అర్జీ పెట్టుకున్నవాళ్ళలో చివరికి ఇద్దరు మిగిలారు. నూకరత్నం, పక్క గది పైడమ్మ.

పైడమ్మకి నలభై దగ్గర. నూకరత్నం ఆవిడని 'అప్పా' అని, అంటే 'అక్కా' అని పిలిచేది. నూకరత్నం ఈ ఊరొచ్చిన మొదటి రోజున వేడి నీళ్ళ కుళాయి ఎటు తిప్పాలో చూపించింది ఆవిడే. ఇద్దరి షిఫ్టులూ వేరు కాబట్టి రత్నం పనిలో ఉన్నంతసేపూ మైథిలి ఆవిడ ఒళ్ళోనే పెరిగింది. పైడమ్మ ఆఖరి కూతురు కావ్యకి ఆరేళ్ళు. ఆ పిల్ల ఊపిరి తీస్తే గుండెల్లో పిల్లనగ్రోవి ఊదినట్టు వినపడేది. మైథిలికి ముక్కు కారేది, మెడ మీద చెమ్మ పొక్కులుండేవి. అంతే. అయినా రత్నం ఆ పిల్ల నిద్రపోతుంటే ముక్కు కింద వేలు పెట్టి చూసుకుంటూనే ఉండేది.

"ఏటే అలగ వొణికిపోతన్నావు?" అంది పైడమ్మ, ఇద్దరూ లిఫ్టులో పైకి వెళ్తుంటే. "గది నీకొత్తే నీకు, నాకొత్తే నాకు. మనలో మనకేటి?"

"అది కాదప్పా. ఆళ్ళ ముందు నిలబడాలంటే నాకు కాళ్ళాడవు."

"నిలబడ్డానికి కాళ్ళెందుకే ఆడాల? ఆడకపోతేనే నిలబడతావు."

రత్నం నవ్వలేకపోయింది. ఆ పొద్దున్న ఎడమ చెప్పు వారు తెగిపోయింది. వేరే జత లేదు. పిన్నీసు పెట్టుకుని వచ్చింది.

విన్నపాల హాలులో తెల్ల రాతి బల్ల వెనక దోనా లూర్దెస్ అనే అధికారిణి కూర్చుని ఉంది. ముందు పైడమ్మని పిలిచారు. పైడమ్మ కొంగు సర్దుకుని వెళ్ళి నిలబడింది. పడవల మీద మగవాళ్ళు వేటకి వెళ్ళే ఇంట్లో పుట్టిన మనిషి. ఆ ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. పడవ నీళ్ళ మీద ఉన్నంతసేపూ ఆడమనిషి బెంబేలు పడకూడదు, కన్నీళ్ళు పెట్టకూడదు, చెయ్యి వణకకూడదు. అలా చేస్తే పడవకి చేటని వాళ్ళ నమ్మకం. పైడమ్మకి పడవంటే ఇప్పుడు కావ్యే. ఆవిడ ఊపిరి బిగపట్టి, ఒంట్లో ఎక్కడా నీటి చుక్క కదలనట్టు నిలబడి చెప్పింది.

"మా గుంటకి ఆయాసమమ్మా. కింద బతకదు. గది ఇప్పించండి."

బిళ్ళ మీద తెల్ల దీపం వెలిగింది. 'గొస్తారియా' అని మెత్తగా, ఎంతో మర్యాదగా పలికింది విన్నపి. దోనా లూర్దెస్ తలూపి రాసుకుంది.

తరవాత రత్నం. బల్ల దాకా పది అడుగులు. పిన్నీసు రాతి నేల మీద టిక్కుమంటోంది. దోనా లూర్దెస్ కళ్ళు కిందికి వెళ్ళాయి. చెప్పుకేసి చూసిందో, కాగితంలోకి చూసిందో. రత్నానికి ఏడో తరగతి గది గుర్తొచ్చింది. పాఠం చదవలేక నిలబడిపోయిన రోజు, వెనక బెంచీల్లో నవ్వులు. ఆ మర్నాటి నుంచి బడికి వెళ్ళలేదు. అరిచేతులు తడిసిపోయాయి, గొంతు పట్టేసింది.

"మా... మా పాపకి గది..." అనగలిగింది.

ఎర్ర దీపం వెలిగింది. విన్నపి హాలంతా వినపడేలా, గంభీరంగా పలికింది. "ఎ ఇంపెరియోజు కె..."

దోనా లూర్దెస్ లేచి నిలబడి సంతకం పెట్టింది.

సామాను మోసింది కూడా పైడమ్మే. "ఓలమ్మో, ఇక్కడ అప్పడాలెట్టినా ఆరిపోతాయే," అంది గోడ తడిమి చూసి. ఆ మాటలో ఎక్కడా మంట లేదు. మంటుంటే రత్నానికి కాస్త తేలిగ్గా ఉండేది.

పొడి గదిలో గౌను రెండు గంటల్లో ఆరింది. వారానికి మైథిలి మెడ నున్నబడింది. రత్నం రోజుకి పదిసార్లు అనుకునేది, నేనేం చేశాను, యంత్రం చెప్పింది, ఒళ్ళు అబద్ధం ఆడదు. అలా అనుకోవలసి వస్తోందంటేనే ఏదో ఉందని తెలుసు. ఆ పైన ఆలోచించేది కాదు.

మూడో వారం పైడమ్మ కావ్యని చంకనేసుకుని తలుపు దగ్గరికి వచ్చింది. ఆరేళ్ళ పిల్ల చంకలో బరువే లేదు.

"రత్నం, ఈ గుంటని మజ్జేనం రెండు గంటలు ఇక్కడ కూసోబెట్టనా? నీ పని నీది. మూల కూసుంటాది. కాసేపు పొడి గాలి పీలిత్తే..."

గదిలో గాలి కొలిచే యంత్రం ఉంది. బయటి మనుషులొస్తే చెమ్మ పెరిగి, అది పైకి తెలుస్తుందని ఎవరో అన్నారు. గది తీసేసుకుంటారేమో. అదీ కాక ఆ దగ్గు అంటుకునేదేమో. రత్నం తలుపు సగమే తెరిచి పట్టుకుని ఉంది. ఆ సంగతి తనకే తరవాత గుర్తొచ్చింది.

"రూల్సేటో తెల్దప్పా. అడిగి సెప్తాను," అంది.

పైడమ్మ పిల్లని ఇంకో చంకకి మార్చుకుంది. "పర్నేదమ్మా, పర్నేదు," అని వెళ్ళిపోయింది. లిఫ్టు తలుపు మూసుకునే దాకా కావ్య గుండెల్లోని ఆ సన్నటి ఈల వినపడుతూనే ఉంది.

రత్నం ఎవరినీ అడగలేదు.

ఆ నెలాఖరున డాక్టర్ శశిరేఖే వెతుక్కుంటూ వచ్చింది. తెల్ల జుట్టు, చేతిలో పలక.

"అమ్మా, మూడేళ్ళలో విన్నపి కొలిచిన వాటిలో మీదే అన్నిటికంటే పెద్ద అక్కర. నా పరిశోధనకి మీరు పనికొస్తారు. ఆ క్షణంలో మీ మనసులో ఏముందో చెప్తారా? పాప ఊపిరా? పాప ముఖమా?"

అవునని చెప్పేస్తే అయిపోయేది. రత్నం నోరు తెరిచింది కూడా. కానీ ఇన్నాళ్ళుగా ఎవరైనా అడిగితే బాగుండునని ఉందేమో, నిజమే వచ్చింది.

"సెప్పండి డాక్టరు గారూ. నా కాలి సెప్పు. వారు తెగితే పిన్నీసు పెట్టుకున్నాను. ఆ మేడం సూసీసిందేమోనని."

శశిరేఖ రాస్తున్న చెయ్యి ఆగింది. "పాప?"

"పాప అప్పుడు గుర్తు నేదండి." రత్నం తల ఎత్తలేదు. "సదువు నేనిదాన్ని కదా. పెద్దోళ్ళ ముందు నిలబడితే సిగ్గుతో ఒళ్ళు సచ్చిపోద్ది."

పలక మీద గీతలు పైకీ కిందికీ వేలితో జరుపుతూ కూర్చుంది శశిరేఖ.

"నాడి, చెమట, గొంతు," అంది చివరికి, తనలో తాను అనుకున్నట్టు. "అక్కర ఎలా ఉంటుందో సిగ్గూ అలాగే ఉంటుంది. నా యంత్రానికి ఆ రెండూ ఒకటే. ఇన్నేళ్ళూ నేనేం కొలిచానో..." పలక మూసింది. "ఇచ్చిన గదిని వెనక్కి తీసుకునే అధికారం నాకు లేదమ్మా. పుచ్చుకున్నవాళ్ళే విన్నవించుకోవాలి. మీరే."

"మరి మీ రిపోర్టులో రాత్తారా?"

శశిరేఖ పలక చంకలో పెట్టుకుని లేచింది. వాకిట్లో చెప్పులు తొడుక్కుంటూ తడబడింది. ఆవిడ ముఖం చూస్తే రత్నానికి అద్దంలో చూసుకున్నట్టు అనిపించింది.

రత్నం పది రోజులు ఆగింది. ఆ పది రోజులూ ఏం ఆలోచించిందంటే, ఈ చలి వెళ్ళాక ఇచ్చేద్దాం అని. ఆ తరవాత కావ్యని వైద్యశాలలో రెండు రోజులు ఉంచారని తెలిసింది. అప్పుడు వెళ్ళింది.

ఈసారి కొత్త చెప్పులు. మంచి చీర. చెప్పవలసింది ఇంట్లోనే నాలుగుసార్లు అనుకుంది. గది పైడమ్మప్పకే ఇవ్వండి. ఆ మాట అనుకున్నప్పుడల్లా కడుపులో చల్లగా, హాయిగా ఉండేది. నియమం ప్రకారం పైడమ్మని కూడా పిలిపించారు. ఆవిడ గోడ పక్కన నిలబడి, ఎందుకు పిలిచారో తెలియక చూస్తోంది.

"నాకు గది వద్దండి," అంది రత్నం నిబ్బరంగా. "పైడమ్మప్పకి ఇప్పించండి. ఆళ్ళ పిల్లకే గావాల."

తెల్ల దీపం వెలిగింది. దోనా లూర్దెస్ ఏదో రాసుకుంటూ మాట్లాడింది. విన్నపి ఆ మాటని రత్నం చెవిలో తెలుగులో చెప్పింది. "మీ ఔదార్యానికి అభినందనలు. కోరికగా నమోదు చేశాం. ఆరు నెలల తరవాత పరిశీలిస్తాం."

"కోరిక కాదు," అంది రత్నం. "తప్పదు. తప్పదని సెప్పు."

మళ్ళీ తెల్ల దీపమే. విన్నపి చెవిలో మెల్లిగా పలికింది. "ఈ వాక్యానికి మీ శరీరంలో ఆధారం లేదు. గది పోవాలని మీరు కోరుకోవడం లేదు."

అది తన ఒక్కదానికే వినపడింది. కానీ అందరూ విన్నట్టే ఉంది. రత్నం పైడమ్మకేసి తిరిగింది. ఆవిడ ఏమీ అడగడం లేదు. తలుపు సగం తెరిచిన రోజు ఎలా చూసిందో ఇప్పుడూ అలాగే చూస్తోంది. కడుపులోని చల్లదనం ఎటు పోయిందో పోయింది.

"అప్పా," అంది. గొంతు పట్టేసింది. "ఆ గది నాకు రావాల్సింది కాదు. ఆ రోజు మా పాప గురించి కాదు నాను వొణికింది, నా సెప్పు గురించి. ఇయ్యడం ఇప్పటికీ నాకు ఇట్టం నేదు. ఇదిగో, ఈ బిళ్ళ కూడా సెప్పీసింది. నువ్వు గుంటనెట్టుకొచ్చిన రోజున అడిగి సెప్తానన్నాను. నానెవుల్నీ అడగనేదు. ఒక్కుల్ని కూడా అడగనేదప్పా." అరిచేతులు రెండూ చీరకి తుడుచుకుంది, మళ్ళీ తడిశాయి. బల్లవైపు తిరిగి, "ఈ గది నా కాణ్ణించి తీసీండి," అంది.

బిళ్ళ మీద ఎర్ర దీపం భగ్గుమంది.

"ఎ ఇంపెరియోజు కె..." అని మొదలుపెట్టింది విన్నపి. ఈ స్త్రీ దగ్గరి నుంచి ఆ గదిని వెనక్కి తీసుకోవడం అనివార్యమని, ఆలస్యానికి వీల్లేదని, ఆఫీసు పోర్చుగీసులోని అతి గొప్ప మర్యాదతో పలికింది. దోనా లూర్దెస్ లేచి నిలబడింది. మొదటి సంతకం పెట్టిన కలంతోనే రెండో సంతకం పెట్టింది. వరసలో మిగిలింది పైడమ్మే కాబట్టి గది ఆవిడదైంది.

గది వచ్చిందీ సిగ్గుతోనే, పోయిందీ సిగ్గుతోనే. మధ్యలో ఇద్దరు పిల్లల ఊపిరి ఉందని ఆ యంత్రానికి ఏనాడూ తెలియలేదు.

దిగేటప్పుడు లిఫ్టులో ఇద్దరే ఉన్నారు. పైడమ్మ తిడుతుందని రత్నం ఎదురుచూసింది. ఏడుస్తుందేమో, చెయ్యి పట్టుకుంటుందేమో అని కూడా. పైడమ్మ రెండు అంతస్తులు దిగేదాకా అంకెలకేసి చూస్తూ నిలబడింది.

"రేపొద్దున్న సామాను మారుద్దాం," అంది అప్పుడు. "మజ్జేనం పూట మీ గుంటని నా కాడికి తోలియ్. ఇద్దరూ కలిసి ఆడుకుంటారు. తడి గౌన్లుంటే అవీ అంపించు."

"రూల్సు..." అంది రత్నం.

"ఉంటే ఉంటాయి," అంది పైడమ్మ. లిఫ్టు తలుపు తెరుచుకుంది, ఆవిడ కొంగు దులుపుకుని దిగి వెళ్ళిపోయింది.

రత్నం లోపలే నిలబడిపోయింది. ఇప్పుడు ఎవరినీ ఏమీ అడగడం లేదు. ఎదురుగా మెరుస్తున్న ఇనుప గోడలో, గొంతు కింద, దీపం ఇంకా ఎర్రగానే వెలుగుతోంది.