రైఫిల్‌కి పెట్టిన బొట్టు

చక్రి రైఫిల్ ఒక్కసారి పేలి ఆగిపోయింది. రెండోసారి కూడా పేలి ఉంటే అతను ఆపరేషన్ జరిగిన ఆ వేల్స్ కొండల్లోంచి నడుచుకుంటూ తిరిగొచ్చేవాడని రిపోర్టులోనే రాశారు. రెండో గుండు పేలేలా చూసే గ్యాస్ బ్లాక్ స్క్రూ తనే మరీ బిగించుకున్నాడనీ, తప్పు పూర్తిగా అతనిదేననీ కూడా రాశారు. సాక్ష్యంగా కింద ఒక ఫోటో అతికించారు. స్క్రూ తల మీద, బిగించాక గుర్తుగా పెట్టే ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క. ఎవరైనా స్క్రూ తిప్పితే ఆ చుక్క చీలాలి. అది చీలలేదు, చక్కగా గుండ్రంగా ఉంది.

ఆ ఫోటో రెండేళ్ళుగా స్రవంతికి కంటి మీద కునుకు లేకుండా చేస్తోంది. అందులో ఏదో తేడా ఉంది. అదేమిటో మాత్రం అంతుబట్టలేదు. గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో తుపాకీలు బాగుచేసే ఆర్మరర్‌గా చేరి, తర్వాత ఏజెంట్ అయిన మనిషి ఆమె. రైఫిల్‌లో లోపముంటే శబ్దం విని చెప్పేస్తుంది. ఫోటోకి శబ్దం ఉండదుగా! తనకి పని నేర్పిన చక్రి గొంతు మాత్రం వినిపిస్తూనే ఉంది. చేతికి స్క్రూలు తిప్పే ఆలెన్ కీ తగిలితే చాలు, "కంగారు పడకే, క్లిక్ వచ్చేదాకా ఆగు" అని భుజం వెనక నిలబడి చెప్పినట్టే ఉంటుంది. ఆమె ఒక్కోసారి వెనక్కి తిరిగి చూస్తుంది కూడా.

ప్రతి ఆదివారం ఆమె క్రోయిడన్‌లో ఉన్న చక్రి వాళ్ళమ్మ శేషమ్మ ఫ్లాట్‌కి వెళ్తుంది. ఆవిడ కాఫీ ఇచ్చి ఒకటే మాట అడుగుతుంది.

"వాడే తప్పు చేశాడంటావా?"

స్రవంతి కాఫీ తాగి వచ్చేస్తుంది.

*

డిపార్ట్‌మెంట్ ఆఫీసు క్రోయిడన్‌లోనే, ఒక డెంటల్ సర్జరీ పై అంతస్తులో ఉంది. కింద డ్రిల్లు గీపెడుతుంటే పైన రహస్యాలు మాట్లాడుకోవచ్చు. చీఫ్ సూర్యప్రకాశరావుది తెనాలి. దేశభద్రత గురించి మాట్లాడినా పచ్చడి గురించి మాట్లాడినా ఆయనది ఒకటే గొంతు.

"కూర్చో అమ్మాయ్. టార్గెట్ డాక్టర్ నాగజ్యోతి. కేంబ్రిడ్జ్. సముద్రం అడుగున సబ్‌మెరీన్ ఎక్కడుందో పట్టే సెన్సర్ తయారుచేసింది. ఒక పరాయి దేశానికి కన్ను కుట్టింది. ఎల్లుండి పొద్దున కొత్త ల్యాబ్ ఓపెనింగ్. గాజు గోడ వెనక నిలబడి మాట్లాడుతుంది."

"బుల్లెట్‌ప్రూఫేనా అంకుల్?"

"ఒక్క గుండుకే. అదే చోట వెంటనే ఇంకోటి తగిలిందా, మనిషి మిగలదు. అందుకే వాళ్ళు వెంటవెంటనే పేలే సెమీ ఆటోమేటిక్ తెప్పించారు."

స్రవంతికి చక్రి గుర్తొచ్చాడు. మళ్ళీ రెండో గుండే.

"షూటర్ని ముందే పట్టుకుంటే పోలా?"

"ఎవరో తెలిస్తేగా! ఏ కిటికీయో కూడా తెలీదు. ఫంక్షన్ ఆపేస్తే వాడు ఇంకో రోజు, ఇంకో చోట కాలుస్తాడు. మొదటి గుండు పేలిందనుకో, కిటికీ ఎక్కడో మన పరికరాలు పట్టేస్తాయి. రెండోది మాత్రం పేలకూడదు. ఆవిడకి అంతా చెప్పాం. నిలబడతానంది. గుండె ధైర్యం ఉన్న మనిషి."

ఆ దేశం పురమాయించిన ముఠా పిలిపించుకున్న ఆర్మరర్ మారిషస్ తెలుగావిడ. నిన్న హీత్రోలో దొరికింది. ఆవిడ ముఖం ముఠాలో ఎవరూ చూడలేదు. స్రవంతి ఆ వేషంలో వెళ్ళి, రైఫిల్‌కి గ్యాస్ బ్లాక్ బిగించి, ట్యూన్ చేసి, వాళ్ళ కళ్ళ ముందే పరీక్ష చేసి చూపించాలి. తర్వాత ఎవరూ చూడకుండా చెడగొట్టాలి.

"లోపల మనవాళ్ళెవరు?"

"మధులిక."

మధులిక డబుల్ ఏజెంట్. పుట్టింది, పెరిగింది లండన్‌లోనే. తను వాళ్ళ మనిషినని ముఠా నమ్ముతుంది, మన మనిషని డిపార్ట్‌మెంట్ నమ్ముతుంది. ఏ గదిలోకి వెళ్ళినా తలలు ఆమె వైపే తిరుగుతాయి. వేల్స్‌లో వ్యాన్ దగ్గర నిలబడి అందరికీ రైఫిళ్ళు అందించింది ఆమే. చక్రి అంత్యక్రియల్లో అందరికంటే ఎక్కువ ఏడ్చిందీ ఆమే. అంత ఏడ్చినా కాటుక మాత్రం చెదరలేదు.

రావుగారు సొరుగులోంచి ఒక జత జుంకాలు తీశారు. "కుడి జుంకా కాడ ఆలెన్ కీ. సైజు సరిగ్గా సరిపోతుంది."

"ఇంత పెద్దవా! పెళ్ళికెళ్తున్నానా అంకుల్?"

"పెట్టుకో అమ్మా. టూల్స్ వాళ్ళు లాగేసుకుంటారు. జుంకాల జోలికి ఎవడూ రాడు."

*

ఆ సాయంత్రమే, హీత్రో పక్కనున్న హేస్‌లో ఒక తెలుగు టేక్‌అవే. నెరిసిన విగ్గు, లావుపాటి కళ్ళద్దాలు, పెద్ద జుంకాలతో స్రవంతి కౌంటర్ దగ్గర నిలబడింది.

"ఉలవచారు ఉందా?"

"బుధవారాలే చేస్తాం," అన్నాడు కౌంటర్ వెనక మనిషి.

"అయితే పోయిన బుధవారందే ఇవ్వండి."

అతను తలుపు తీశాడు. వెనక సందు, సందు చివర గోడౌన్, గోడౌన్ నడుమ బెంచి మీద నల్లటి రైఫిల్. పక్కనే మధులిక. నుదుట స్టిక్కర్, గోళ్ళకి నిగనిగలాడే రంగు. స్రవంతిని ఎప్పుడూ చూడనట్టు చెయ్యి చాచింది.

"వెల్‌కమ్ ఆంటీ. జర్నీ బాగా జరిగిందా?"

ఇద్దరు కాపలావాళ్ళు చూస్తుండగా స్రవంతి పని మొదలుపెట్టింది. బారెల్ మీద సన్నటి రంధ్రం ఉంటుంది. గుండు వెళ్ళేటప్పుడు దాని వెనకున్న గ్యాస్‌లో కొంత ఆ రంధ్రంలోంచి పైకొచ్చి, గొట్టంలో వెనక్కి పరిగెత్తి బోల్ట్‌ని తోస్తుంది. బోల్ట్ వెనక్కి వెళ్తేనే ఖాళీ తూటా బయటపడి కొత్తది లోపలికొస్తుంది. ఆ గ్యాస్ ఎంత వెళ్ళాలో చెప్పే కుళాయే గ్యాస్ బ్లాక్. ఎక్కువ వదిలితే రైఫిల్ ఎగిరిపడుతుంది. తక్కువైతే బోల్ట్ సగంలో ఆగిపోతుంది. చక్రికి అయినట్టు.

బ్లాక్‌ని రంధ్రం మీదకి జరిపి, వెలుతురుకి ఎత్తి చూసి, బిగించింది. స్క్రూ పూర్తిగా మూసింది. సైలెన్సర్ తగిలించి, మేగజైన్‌లో ఒక్క తూటా పెట్టింది. హీత్రోలో దిగే విమానం గోడౌన్ నెత్తిన మోత పెట్టినప్పుడల్లా ఇసుక బస్తాల్లోకి ఒకసారి కాల్చడం, బోల్ట్ చూడడం, స్క్రూ ఒక క్లిక్ వదలడం. మొదట్లో బోల్ట్ బద్ధకంగా కదిలి మధ్యలోనే ఆగింది.

"ఇంకోటి," అన్నాడు చక్రి.

స్రవంతి వెనక్కి తిరగలేదు. తిరిగితే అక్కడ ఎవరూ ఉండరు. ఆ ఖాళీని చూసే ఓపిక ఆ పూట ఆమెకి లేదు.

ఇంకో క్లిక్ వదిలింది. బోల్ట్ వెనక్కి వెళ్ళి గట్టిగా నిలబడింది. చలిని తట్టుకోవడానికి స్క్రూ ఇంకాస్త వదిలి, చివరగా రెండు తూటాలు పెట్టి వెంటవెంటనే కాల్చింది. రెండూ ఒకే చిల్లులోంచి వెళ్ళాయి. కాపలావాళ్ళు చప్పట్లు కొట్టారు.

"టీ బ్రేక్," అంది మధులిక, వాళ్ళిద్దరినీ తోలుకుపోతూ. అనుకున్న ప్రకారం అదే సైగ.

స్రవంతి స్క్రూని తిరిగి లోపలికి బిగించింది. ఇప్పుడు మొదటి గుండు వెళ్తుంది, రెండోది రాదు. ఎర్ర నెయిల్ పాలిష్ మూత తీసి, ఉంగరం వేలికి అద్దుకుని స్క్రూ మీద నొక్కింది. కాస్త పక్కకి చెదిరి, వేలిముద్రతో అచ్చం ముత్తైదువ పెట్టిన బొట్టులా పడింది. చక్రి నేర్పిన అలవాటది. దసరాకి ఆయుధపూజ చేస్తూ, "దీనికీ ఓ బొట్టు పెట్టాలి కదే" అనేవాడు. సీసా బెంచి మీదే వదిలేసి ఆమె చేతులు కడుక్కుంది.

*

గురువారం పొద్దున స్రవంతిని కిటికీల్లేని వ్యాన్‌లో తీసుకెళ్ళారు. దిగేసరికి కేంబ్రిడ్జ్ సైన్స్ పార్కులో ఏదో భవనం పై అంతస్తు. ఏసీ గొట్టాలు, పంపులు ఉన్న ఇరుకు గది. పసుపు జాకెట్ వేసుకున్న ఒక మనిషి కిటికీ దగ్గర బల్ల సర్దుకుంటున్నాడు. షూటర్ అతనే. కిటికీ అవతల పల్చటి మంచు, మంచు వెనక గాజు గోడ, గోడ వెనక కుర్చీలు సర్దుతున్న జనం.

మధులిక స్రవంతి ఒళ్ళంతా వెతికి, ఫోన్, టూల్స్ తీసుకుంది. జుంకాల వంక చూసి నవ్వింది.

"నైస్ ఇయర్‌రింగ్స్ ఆంటీ. సైలెన్సర్ ఒకసారి చెక్ చేసెయ్యి."

స్రవంతి పెట్టె మూత తీసింది. రైఫిల్ మీదకి వంగింది.

స్క్రూ మీద చుక్క ఎర్రగా, చక్కగా, గుండ్రంగా ఉంది.

ఆమె కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయింది. తను పెట్టినది చెదిరిన బొట్టు. ఇది బ్రష్‌తో దిద్దిన చుక్క. రెండేళ్ళుగా ఫోటోలో తనని వెంటాడిన తేడా ఇదే. చక్రి జన్మలో బ్రష్ పట్టుకోలేదు. అతని బొట్టు ఎప్పుడూ ఉంగరం వేలి ముద్రే. ఎవరో అతని బొట్టు గీకేసి, స్క్రూ బిగించి, మీద కొత్త చుక్క పెట్టారు. వ్యాన్ దగ్గర నిలబడి రైఫిల్ అందించింది ఎవరు?

ఈ రైఫిల్ స్క్రూ మళ్ళీ తెరిచారు, అంటే రెండో గుండు పేలుతుంది. అవతల నాగజ్యోతి అప్పటికే మైకు దగ్గరికి నడుస్తోంది.

"ఏమైంది?" అంది మధులిక, తలుపు దగ్గర్నుంచి.

"చలికి థ్రెడ్ పట్టేసింది. ఒక్క క్షణం."

వీపు అడ్డం పెట్టి, దురద పుట్టినట్టు చెవి తడుముకుని కుడి జుంకా తీసింది. కాడ స్క్రూలోకి దిగలేదు. మళ్ళీ పెట్టింది. జారింది.

"కంగారు పడకే," అన్నాడు చక్రి. "క్లిక్ వచ్చేదాకా ఆగు."

ఆగింది. కాడ దిగింది. క్లిక్. ఇంకోటి. ఇంక తిరగనంత వరకూ మూసేసింది. చుక్క రెండుగా చీలింది. షూటర్ కంటపడితే అంతే సంగతులు. గోటితో దాన్ని గీకేసి, జుంకా మొనతో ఉంగరం వేలు పొడుచుకుని, స్క్రూ మీద నొక్కింది. రక్తం ఎర్రగానే ఉంది. జుంకా చేతిలోంచి జారి ఏసీ గొట్టం సందులోకి దొర్లిపోయింది.

షూటర్ వచ్చి రైఫిల్ అందుకున్నాడు. బ్లాక్ వంక ఒకసారి చూసి తలాడించాడు.

మధులిక తలుపు గడియ వేసింది. ఆమె చేతిలో ఇప్పుడు చిన్న పిస్టల్ ఉంది, స్రవంతి వైపు.

"సారీ స్రవంతీ. మా ఆర్మరర్ని మీ వాళ్ళు పట్టుకున్నారు. సో, మీ ఆర్మరర్ చేతే చేయించుకున్నాం. ఫెయిర్ ఇనఫ్, కదా?"

"చక్రిది కూడా నువ్వేనా?"

"వాడికి నా మీద డౌట్ వచ్చింది. ఐ హ్యాడ్ నో చాయిస్."

ఆ మాట అంత తేలిగ్గా అనేసింది. ఎదురుగా పిస్టల్ ఉందన్న భయం స్రవంతిలో చచ్చిపోయింది.

రైఫిల్ దగ్గినట్టు ఒక్కసారి పేలింది. అవతల గాజు గోడ తెల్లగా పగుళ్ళు బారింది. పగుళ్ళ వెనక నాగజ్యోతి నిలబడే ఉంది. షూటర్ మళ్ళీ ట్రిగ్గర్ నొక్కాడు. ఏమీ కాలేదు. ఇంకోసారి నొక్కాడు. బోల్ట్ సగంలో ఇరుక్కుని ఉంది.

"వాట్..." అంటూ మధులిక చూపు తిప్పింది. స్రవంతికి ఆ రెప్పపాటే కావాలి. ఇనుప పెట్టెని రెండు చేతులతో ఎత్తి ఆమె మణికట్టు మీద పడేసింది. పిస్టల్ ఎగిరిపడింది. షూటర్ బోల్ట్ లాగి మళ్ళీ గురిపెట్టేసరికి అవతల భద్రతావాళ్ళు నాగజ్యోతిని నేలకి వంచేశారు. మరుక్షణం ఇవతల తలుపు విరిగి పడింది. మొదటి గుండుతోనే కిటికీ పట్టేసిన డిపార్ట్‌మెంట్‌వాళ్ళు నల్ల దుస్తుల్లో గదంతా నిండిపోయారు. షూటర్ చేతులెత్తాడు.

సంకెళ్ళు పడ్డాక మధులిక నెమ్మదిగా అడిగింది. "హౌ డిడ్ యు నో?"

"బొట్టు బ్రష్‌తో పెట్టావు," అంది స్రవంతి. "ఉంగరం వేలితో పెడతారు. పుట్టినప్పటి నుంచీ స్టిక్కర్ అంటించుకున్నదానివి, నీకెలా తెలుస్తుందిలే."

మధులిక మొట్టమొదటిసారి తన గోళ్ళ వంక అసహ్యంగా చూసుకుంది.

*

ఆదివారం శేషమ్మ కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. ఈసారి ఆవిడ అడగకముందే స్రవంతి చెప్పింది.

"చక్రి తప్పు లేదు ఆంటీ. స్క్రూ ఇంకొకళ్ళు తిప్పారు. పాత రిపోర్టు కొట్టేశారు. రావుగారు కొత్తది తన చేత్తోనే రాశారు."

శేషమ్మ కళ్ళు ఒత్తుకుంది.

"నాకు తెలుసే. వాడు ఫ్యాను బిగించినా నాలుగుసార్లు చూసుకునేవాడు. ఇది కనిపెట్టడానికి మీవాళ్ళకి రెండేళ్ళు పట్టిందా?"

స్రవంతి కాఫీ కప్పు పట్టుకుని చెవులు రిక్కించింది. భుజం వెనక ఎవరూ ఏమీ అనలేదు. ఇన్నాళ్ళూ ఆ గొంతు పోతే బాగుండుననుకుంది. పోయాక గది మరీ వెలితిగా అనిపించింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. శేషమ్మ చూడకూడదని తల తిప్పుకుంది.

శేషమ్మ చూపు ఆమె చెవి మీద పడింది. "అదేమిటే, ఒకటే జుంకా వేలాడుతోంది? రెండోదేదీ?"

"ఆఫీసు పనిలో పోయింది ఆంటీ. ఇంకా దొరకలేదు. ఇదైనా తిరిగివ్వాలి, మర్చిపోకుండా పెట్టుకున్నాను."

"ఏం ఆఫీసో ఏమో," అంది శేషమ్మ, ఖాళీ కప్పు అందుకుంటూ. "ఏది చూసినా జతగా వెళ్ళి ఒంటిగా తిరిగొస్తుంది."