లోపల ఎంతమంది?

ఆ ఉదయం కూడా ఆవిడ పట్టపగలు లైటు వేసుకునే పాలు కాస్తోంది. వంటింటి కిటికీలో ఆకాశం కనబడాల్సిన చోట పడవ పొట్ట కనబడుతోంది మరి.

ఆవిడ భర్త లిఫ్టు మెకానిక్కు. రిటైరైన కొత్తలో ఎక్కడో తుప్పు పడుతున్న మోటారు పడవను తెచ్చి, పెరటి గోడవారగా రేకుల కింద నిలబెట్టాడు. "ఒక్క వేసవి ఓపిక పట్టు" అన్నాడు. వేసవులు వెళ్ళిపోయాయి, పడవ వెళ్ళలేదు. పైపెచ్చు ఎదిగింది. దాని మీద క్యాబిన్ లేచేసరికి రేకుల కింద పట్టక, వంటింటి తలుపు దాకా జరిగి వచ్చింది. బయటికి తెరుచుకోవాల్సిన ఆ తలుపిప్పుడు జానెడే తెరుచుకుంటుంది. పెరట్లోకి వెళ్ళే పక్క సందు నిండా చెక్కలు. ఆయన వాటి మీదుగా దూకి వెళ్తాడు. ఆవిడ మోకాళ్ళకు ఆ విద్య రాదు. ఉతికిన బట్టలు ముందు గదిలో ఆరుతుంటే, వచ్చిన చుట్టాలు చీర చెంగులు తప్పించుకుంటూ టీ తాగి వెళ్తున్నారు.

"ఏమండీ, ఈ తలుపు సంగతి చూస్తారా, లేదా?"

"వార్నిష్ ఆరనీ. ఇప్పుడు కదిపితే పడవకి గీతలు పడతాయి."

"నాకు పడినా ఫర్వాలేదు కాబోలు."

"నీకేం, హాయిగా నీడపట్టున ఉన్నావు" అంటూ ఆయన సందులోకి వెళ్ళిపోయాడు.

"నాన్నా, దాన్ని ఏ నీళ్ళలో దించుతావో అదైనా చెప్పు!" ముందు గదిలోంచి కూతురు అరిచింది.

"ముందు గేటు దాటనీవే" అంది తల్లి.

తలుపు సందులోంచి చూస్తే ఆవిడ వేసుకున్న మిరపమొక్క తల వేలాడేసి ఉంది. ఆవిడకు ఉక్రోషం వచ్చింది. చెంబుతో నీళ్ళు పట్టుకుని, భుజం దూర్చి, ఊపిరి బిగబట్టింది. సగం దూరింది. అంతే. ముందుకూ పోలేదు, వెనక్కీ రాలేదు. వెనకాల పాలు పొంగుతున్న చప్పుడు.

"ఏమండీ!"

క్యాబిన్‌లో సుత్తి దెబ్బలు.

"ఏమండోయ్!"

కూతురు పరుగున వచ్చి పొయ్యి ఆపి, గొంతెత్తి తండ్రిని కేకేసింది. సుత్తి ఆగింది. ఆయన దిగొచ్చి, తలుపులో ఇరుక్కున్న మనిషిని చూశాడు. చూడగానే ఉద్యోగపు గొంతు దానంతటదే వచ్చేసింది.

"కంగారు పడకండి. ఊపిరి నిదానంగా తీసుకోండి. లోపల ఎంతమంది ఉన్నారు?"

పెళ్ళయ్యాక ఆయన ఆవిడను 'మీరు' అనడం అదే మొదటిసారి. నవ్వబోయింది. ఏడుపొచ్చింది.

"ఒక్కదాన్నే. ఈ పడవ వచ్చినప్పట్నుంచీ ఒక్కదాన్నే ఉన్నాను."

ఆయన తలుపు బందుల సీలలు ఒక్కొక్కటీ లాగి, తలుపును ఎత్తి పక్కన పెట్టాడు. ఆవిడ బయటపడి, చెంబులో మిగిలిన నీళ్ళు మొక్కకు పోసింది.

"గట్టిగా పిలవొచ్చుగా?"

"పిలిచాను. లిఫ్టుల్లో ఇరుక్కున్న ఊళ్ళోవాళ్ళందరి కేకలూ వినబడేవి మీకు. నాదొక్కటే సుత్తి కింద పడిపోయింది."

ఆయన తల దించుకున్నాడు. "ఇప్పుడు నన్నెవరూ పిలవట్లేదే. ఫోన్ మోగదు. పడవ పూర్తయిపోతే తర్వాతేంటని... ఏదో ఒకటి కలుపుకుంటూ పోయాను."

"పని కావాలంటే నన్నడగొద్దూ? కొండంత ఇచ్చేదాన్ని."

కూతురు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

ఆ పూటే ఆయన క్యాబిన్ విప్పడం మొదలుపెట్టాడు. ఎన్నాళ్ళో ముద్దుగా నునుపు చేసుకున్న చెక్కలు. ఆవిడ వద్దనలేదు. విప్పిన చెక్కనల్లా అందుకుని గోడకి చేరవేసింది. ముగ్గురూ కలిసి నెడితే పడవ మూలుగుతూ రేకుల కిందికి వెళ్ళింది. వంటింట్లోకి ఎండ దూసుకొచ్చింది. ఎండతో పాటు అటకమీది బూజూ కనబడింది. ఆవిడ దాన్ని రేపటికి వదిలేసింది.

రెండు గ్లాసుల టీతో, తలుపు లేని గడప దాటి, పెరట్లోకి వెళ్ళింది. పడవలో చప్పుడు లేదు. గ్లాసు అంచుతో చెక్క మీద తట్టింది.

"లోపల ఎంతమంది ఉన్నారు?"



"ఒక్కణ్ణే."

"అయితే జరగండి. గ్లాసులందుకుని చెయ్యివ్వండి, నేనూ ఎక్కుతా."