గువ్వ చెప్పిన మొదటి కథ

"ముందు ఆ గడ్డం తీసేసి రండి."

ఇదండీ, బడిలో టీచర్ నాతో అన్న మొదటి మాట. నమస్కారం లేదు, కూర్చోమనడం లేదు.

"గడ్డం మీకేం అపకారం చేసిందండీ?"

"నాకేం చెయ్యలేదు. మా పిల్లలకి వినికిడి తక్కువ. మీ పెదాలు చూసి సగం అర్థం చేసుకోవాలి. ఆ పొదలో పెదాలెక్కడున్నాయో నాకే కనపడట్లేదు."

నేను లిఫ్టులు బాగుచేసేవాణ్ణి. నా మేనకోడలు గువ్వకి నాలుగేళ్లు, చెవులకి మిషన్లు. వాళ్లమ్మకి, అంటే మా అక్కకి, సెలవు దొరక్క వారానికోసారి ఈ బడికొచ్చి పిల్లలకి బొమ్మల పుస్తకం చదివే డ్యూటీ నా నెత్తిన పడింది.

మరుసటి వారం నున్నటి మొహంతో వెళ్లాను. టీచర్ చూసింది, నవ్వాపుకుంది, మళ్లీ చూసింది. ఆ రెండోసారి చూడటం ఉంది చూశారూ, అక్కడే నా పనైపోయింది.

ఆవిడ దగ్గర రూల్స్ బోలెడు. పుస్తకం మొహం పక్కన పట్టుకోవాలి. కిటికీకి వీపు పెట్టి కూర్చోకూడదు, మన మొహం చీకటైపోతుంది. కాలర్‌కి మైకు పెట్టుకోవాలి, మన మాట నేరుగా పిల్లల చెవి మిషన్లలోకి వెళ్తుంది. అన్నిటికన్నా కష్టమైంది, "తర్వాత ఏమైంది?" అని అడిగి నోరు మూసుకుని కూర్చోవడం.

"మీరు అందిస్తే వాళ్లు మీ కథే చెప్తారు. ఆగండి."

"ఎంతసేపు?"

"మీకు చిరాకేసేదాకా. ఆ తర్వాత ఇంకాసేపు."

గువ్వకి బొమ్మలన్నిటి పేర్లూ వచ్చు. కానీ ఏది ముందు జరిగిందో, ఏది తర్వాతో కలిపి ఒక్కసారీ చెప్పలేదు. అది వస్తేనే రేపు చదివింది బుర్రకెక్కుతుందంటుంది టీచర్. అక్కకి అదే బెంగ.

ఓ రోజు పుస్తకం మధ్యలో అక్క ఫోన్. వరండాలోకి పరిగెత్తాను.

"గువ్వ ఇవాళైనా కథ చెప్పిందా?"

"లేదక్కా, ఇంకా చెప్పలేదు."

"సరేలే. ఆ గడ్డం ఎవరికోసం తీశావురా? నిజం చెప్పు."

అక్క దగ్గర నా పప్పులుడకవు. "టీచరంటే ఇష్టమే అక్కా. చెప్పాలంటే భయం. వద్దంటే మళ్లీ ఈ గుమ్మం ఎలా తొక్కను? గువ్వకి పుస్తకం ఎవరు చదువుతారు?"

"పిరికి సన్నాసీ," అని పెట్టేసింది.

గదిలోకొస్తే పిల్లలందరూ నన్ను చూసి కిసకిసా నవ్వుతున్నారు. టీచర్‌కేమీ అర్థం కావట్లేదు. నా చెయ్యి దానంతటదే కాలర్ మీదకి పోయింది. మైకు ఆన్‌లోనే ఉంది. కొంప మునిగింది.

"ఏమైందర్రా?" అని అడిగింది టీచర్.

గువ్వ లేచి నిలబడింది. "మావయ్య బయటికెళ్లాడు."

టీచర్ కళ్లు పెద్దవయ్యాయి. "తర్వాత ఏమైంది?"

"ఫోన్ మాట్లాడాడు. అమ్మతో."

"గువ్వా, మనం ఏనుగు బొమ్మ..." అంటున్నాను, టీచర్ వేలు పైకెత్తింది. ఆ వేలంటే ఆగమని.

అడ్డుపడితే నా పరువు దక్కుతుంది. కానీ గువ్వ మొదటి కథ అక్కడే తెగిపోతుంది. లిఫ్టు రెండంతస్తుల మధ్య ఇరుక్కుంటే లోపలివాళ్లకెలా ఉంటుందో అప్పుడు తెలిసింది నాకు. నోరు మూసుకున్నాను.

"మావయ్యకి టీచర్ ఇష్టం. కానీ భయం. టీచర్ వద్దంటే మావయ్య రాడు. అప్పుడు పుస్తకం ఉండదు." గువ్వ పెదవి వణికింది. "అయిపోయింది."

"మొదలు, మధ్య, చివర, అన్నీ చెప్పిందండీ," అంటూ టీచర్ గువ్వని ఎత్తుకుని గిర్రున తిప్పేసింది. కళ్లలో నీళ్లు. తిప్పుతూ తిప్పుతూ టక్కున ఆగిపోయింది. కథలో ఏముందో అప్పుడెక్కింది బుర్రకి. చెవుల దాకా ఎర్రబడిపోయింది.

నేను తలుపు ఎటుందా అని చూస్తున్నాను.

గువ్వ ఆవిడ బుగ్గలు పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంది. "తర్వాత ఏమైంది, టీచర్?" అచ్చం ఆవిడలాగే వేలు పైకెత్తింది. అది చూసి పిల్లలందరూ వేళ్లెత్తారు. ఎవ్వరూ అందించలేదు.

టీచర్ వెలుతురు వైపు తిరిగింది. పెదాలు గువ్వకి బాగా కనపడేలా, నావైపు చూడకుండా, నెమ్మదిగా చెప్పింది.

"టీచర్ వద్దనలేదు."

పిల్లలు చప్పట్లే చప్పట్లు. నాకు కాళ్లు నేలమీద ఆనట్లేదు.

"తర్వాత?" అన్నాను.

ఆవిడ ఇప్పుడు చూసింది నన్ను. నవ్వాపుకోలేదు.

"ముందు ఆ మైకు ఆపి రండి."