చలిగదిలో నూట డెబ్బై అయిదు వాట్లు

"గ్రాఫిక్స్ కార్డు ఎప్పుడైనా చూశావా?" అని అడిగారు చీఫ్ శ్యామ్ సుందర్.

గుంటూరు బస్టాండు దగ్గర లాడ్జి గది. మే నెల, పగలు ఒంటిగంట. ఏజెంట్ షఫీక్‌కి మూడు రోజులుగా కంటి మీద కునుకు లేదు.

"మన సెక్షన్‌కి ఒకటి కావాలని ఏడాది కిందటే రాశాను సార్. బడ్జెట్ లేదన్నారు."

"వాళ్లకుంది." చీఫ్ ఒక ఫొటో బల్ల మీద పెట్టారు. మూడు కిలోల నల్లటి లాప్‌టాప్, ఇటుకంత ఛార్జర్. "కార్డుకి ఇరవై నాలుగు జీబీ సొంత మెమరీ. పది వేల పైచిలుకు కోర్లు. ఛార్జర్ తగిలిస్తే నూట డెబ్బై అయిదు వాట్లు లాగుతుంది. గేములాడే వాళ్ల కోసం చేసింది. వీళ్లు మన దగ్గర దొంగిలించిన ఫైలు పాస్‌వర్డ్ మీదికి తోలారు. సెకనుకి లక్షల తాళంచెవులు తిప్పి చూస్తుంది."

తాళం వెనక ఏముందో షఫీక్‌కి చెప్పనక్కరలేదు. పంతొమ్మిది పేర్లు. పరాయి దేశంలో మారుపేర్లతో పనిచేస్తున్న మనవాళ్లు. అందులో పదకొండో పేరు నస్రత్, అతని చెల్లెలు. ఏడేళ్ల కిందట గుంటూరు స్టేషన్లో ఆమె రైలెక్కింది. ఒకరినొకరు ఎరగనట్టు ఉండాలని ఆర్డరు. రైలు కదిలినప్పుడు అతను చెయ్యి ఊపలేదు. ఊపని ఆ చెయ్యి ఇప్పటికీ ఒక్కోసారి బరువెక్కుతుంది.

ఆ రోజు నస్రత్‌కి టిక్కెట్టు కొన్న శ్రీదివ్యే ఇప్పుడు ఆ ఫైలు ఎత్తుకుపోయింది. ఆఫీసులో షఫీక్ పక్క సీటు ఆమెది. సినిమా పోస్టరు లోంచి దిగి వచ్చినట్టు ఉండే మనిషి. రెండు దేశాలకు పనిచేస్తోందని ఎవరికీ తట్టలేదు.

పంతొమ్మిది మందీ సాయంత్రం అయిదింటికి ఇళ్లు మారతారు. ఈలోగా తాళం తెరుచుకోకూడదు. ఢిల్లీ నిపుణులు ధైర్యం చెప్పారు. గుంటూరు ఎండలో కార్డు ఎనభై ఏడు డిగ్రీలకు చేరి తనంతట తానే వేగం తగ్గించుకుంటుందట, అర్ధరాత్రి దాకా పని తెమలదట. కానీ గంట కిందట శ్రీదివ్య తన యజమానులకు పంపిన సందేశం దొరికింది. నాలుగున్నరకు సరుకు రెడీ.

"మూడు రోజులు ఏసీ ఉన్న చోటల్లా వెతికాం సార్. తుళ్లూరులో కాంట్రాక్టర్ల ఆఫీసులు, చీమకుర్తిలో గ్రానైట్ వాళ్ల గెస్ట్‌హౌసులు. ఒక్క గదిలోనూ..." షఫీక్ ఆగిపోయాడు. "ఆ కార్డు వేడెక్కడమే లేదు. ఏసీ చాలదు సార్. దాన్ని కోల్డ్ స్టోరేజీలో పెట్టారు."

"ఊరి చుట్టూ వంద ఉన్నాయి కదయ్యా," అన్నారు చీఫ్ నీరసంగా.

వందలో ఏదో కనుక్కోవడానికి రెండున్నర దాటింది. పెదకాకాని రోడ్డులో ఒక స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే జానీబీ ఇరవై ఏళ్లుగా డిపార్ట్‌మెంట్ మనిషి. ఆమె ఫోన్ ఎప్పుడూ ఇంట్లోనే మరిచిపోతుంది. ఆమె దొరికి, అనుమానం తమ స్టోరేజీ మీదేనని చెప్పేసరికి అకాల వాన పడింది. రోడ్డు మీద గ్రానైట్ లారీలు అడ్డం తిరిగాయి. పోలీసు జీపు వాటి వెనకే ఇరుక్కుంది. షఫీక్ ఒక మోటారు సైకిలు అడిగి తీసుకుని, శాంపిల్ సంచీతో మిర్చి గుమాస్తా వేషంలో, వచ్చేసరికి నాలుగు. గేటు దగ్గర తడుముతారని పిస్తోలు వదిలేసి వచ్చాడు.

"తేజ రకం ఉందా?" అన్నాడు.

"ఉంది. తాలు ఏరాక ఇస్తా," అంది జానీబీ. తాలంటే పనికిరాని పాలిపోయిన కాయ. కోడ్ కుదిరింది. ఆమె గొంతు తగ్గించింది. "పై అంతస్తులో, మూడో గదిలో, టిక్కీ బస్తాల వెనక ఫ్యాను కూతేస్తోంది అబ్బాయ్. మిరపకాయలు కూతెయ్యవుగా."

చీఫ్ ఇచ్చిన పెన్ను కరెంటు యంత్రం దగ్గరికి వస్తే వణుకుతుంది. మెట్ల దగ్గర నుంచే వణకడం మొదలెట్టి ఆగలేదు. కోల్డ్ స్టోరేజీ అంతా యంత్రాలే. షఫీక్ దాన్ని విసిరికొట్టాడు.

మూడో గదిలో అయిదు డిగ్రీలు. మిర్చి బస్తాల వరసల మధ్య శాలువా కప్పుకున్న శ్రీదివ్య, ఒళ్లో పిస్తోలు. తెర మీద తొంభై నాలుగు శాతం. నిరాయుధంగా మీద పడితే చావడం తప్ప లాభం లేదు. అతను వెనక్కి వచ్చి, గోడకున్న బోర్డులో ఆ గది ఫ్యూజు పీకాడు. బ్యాటరీ మీద ఆ కార్డు మూడో వంతు కూడా లాగలేదు. అయిదు దాటితే చాలు.

శ్రీదివ్యకీ ఆ లెక్క తెలుసు. ప్రోగ్రాం ఆపి, మూత వేసి, ఆ చీకటి చలిలో పావుగంట కదలకుండా కాచింది. ఎవరూ రాకపోయేసరికి లాప్‌టాప్ చంకన పెట్టుకుని, పిస్తోలు చాపి దిగింది. మెట్ల కింద షఫీక్ ఎదురయ్యాడు.

"పద. కాటా గదిలో కరెంటుంది," అంది ఆమె పిస్తోలు గురిపెట్టి.

"దివ్యా, నస్రత్‌కి టిక్కెట్టు కొన్నది నువ్వే."

"గుర్తుంది. కిటికీ సీటు."

కాటా గది ఉక్కతో ఆవిరి కుండలా ఉంది. ఆమె బస్తాలు తూచే బల్ల మీద లాప్‌టాప్ పెట్టి ఛార్జర్ తగిలించింది. టైము నాలుగూ నలభై. ఆగిన చోటి నుంచే మొదలైతే ఇంకో పన్నెండు నిమిషాలు. షఫీక్‌కి ఏడుపు ఒకటే తక్కువ.

గుమ్మంలో కూర్చున్న జానీబీ తలెత్తింది. ఇరవై ఏళ్ల అలవాటు ఊరుకోనివ్వలేదు.

"అమ్మాయ్, చలిలోంచి తెచ్చింది అప్పుడే తెరవకూడదు. చెమట పడుతుంది. మేం టిక్కీనైనా వెచ్చబడ్డాకే విప్పుతాం."

షఫీక్‌కి ఆమె మాట అర్థమైంది. శ్రీదివ్యకీ అర్థమైతే అంతే. ఈవిణ్ణి ఎలా ఊరుకోబెట్టాలి?

"నీ కాయలు నువ్వు చూసుకో," అంది శ్రీదివ్య. మూత తెరిచి బటన్ నొక్కింది.

నూట డెబ్బై అయిదు వాట్లు నిద్ర లేచాయి. రెండు ఫ్యాన్లూ వాన గాలిని గుక్కపట్టి చల్లటి బోర్డు మీదికి లాగాయి. తొంభై అయిదు. తొంభై ఏడు. తొంభై తొమ్మిది. తెర మీద పచ్చ గీతలు నిలువునా పాకాయి. చిటపట. మాడిన వాసన. కీబోర్డు సందుల్లోంచి నీటి బొట్టు ఒకటి బల్ల మీదికి జారింది.

శ్రీదివ్య ఆ బొట్టునే చూస్తూ ఉండిపోయింది. షఫీక్ ఆమె చేతిలోంచి పిస్తోలు తీసుకున్నాడు.

"చెప్పానా లేదా?" అంది జానీబీ నొచ్చుకుంటూ.

అయిదుంబావుకు పోలీసు జీపూ, చీఫ్ ఫోనూ ఒకేసారి వచ్చాయి. పంతొమ్మిది మందీ క్షేమంగా ఇళ్లు మారారు. ఎక్కడికో ఎవరికీ చెప్పరు, అన్నకు కూడా. షఫీక్ గుమ్మంలో నిలబడి, ఏ దిక్కో తెలియక, తోచిన దిక్కుకి ఒకసారి చెయ్యి ఊపాడు.

ఫోన్లో చీఫ్ ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు. "అన్నట్టు షఫీక్, ఆ కార్డు పనికొస్తుందా? మన సెక్షన్‌లో వాడుకుందాం. కొత్తదానికి బడ్జెట్ లేదు."

షఫీక్ కాయలు ఏరే పట్టా గుడ్డ వైపు చూశాడు. జానీబీ లాప్‌టాప్‌ని రెండు వైపులా తిప్పి చూసి, పెదవి విరిచి, ఓ పక్కకు నెట్టింది.

"తాలులో వేశారు సార్."