ఆపరేషన్ ఆకుపసరు

“పసరులో తప్పు లేదు,” అన్నాడు చీఫ్, ఆకుపచ్చ క్యాప్సూల్‌ను బల్లమీద దొర్లిస్తూ. “ఇన్సులిన్‌తో పాటు వాడితే కొందరికి కాస్త మేలేమోనని మన డాక్టర్లే పరీక్షిస్తున్నారు. తప్పంతా ఇందులో కలిపినదాంట్లో ఉంది.”

కలిపింది ఒక విదేశీ ముఠా. షుగర్ దించే ఘాటైన మందు అది. వారంలో రీడింగులు పడిపోయేసరికి జనం మూలికల మహిమ అనుకున్నారు. ఈ ఉదయం పదింటికి టీవీలో ముఠా ప్రకటన రాబోతోంది: ఇక ఇన్సులిన్ మానేయండి. చిన్నప్పటి నుంచీ ఇంజెక్షన్ మీద బతికేవాళ్లకు ఆ కల్తీ మందు కూడా పనిచేయదు. మానేస్తే నాలుగైదు రోజులు, అంతే.

శాంపిళ్లు ముందే చేరిన ఇళ్ల జాబితాలో, చీఫ్ ఎదుట కూర్చున్న ఏజెంట్‌కు తన చెల్లెలి పేరు కనిపించింది. వెంటనే ఫోన్ చేశాడు. ఇంజెక్షన్ మానేసి నాలుగు రోజులైందట. వాంతులు ఒంట్లో విషం పోతున్న గుర్తని కరపత్రంలో ఉందట. ఆమె దృష్టిలో అతను ఇన్సులిన్ కంపెనీ రెప్రజెంటేటివ్. ఇరవై ఏళ్లుగా అతని కవర్ ఉద్యోగం అదే.

“నీ సరుకు కదలట్లేదా అన్నయ్యా?” అని నీరసంగా నవ్వి ఫోన్ పెట్టేసింది.

తన మాట వినదు. టీవీ చెబితే వింటుంది.

ఏసీ మెకానిక్ వేషంలో ముఠా ల్యాబ్‌లోకి వెళ్లాడు. అక్కడి కెమిస్ట్, ముత్యాల దుద్దుల అందగత్తె, రెండు వైపులా పనిచేసే మనిషి.

“గ్యాస్ మార్చాలి,” అన్నాడు.

“ఫిల్టర్ చాలు.”

కోడ్ కుదిరింది. కల్తీని రుజువు చేసే రిపోర్టును అతని టూల్‌బాక్సులో పెట్టింది. “ఇవాళ మీ వైపు. రేపటి సంగతి అడక్కండి,” అంది.

టీవీ స్టూడియోలో కెమెరా మీద ఎర్రలైటు వెలగబోతుండగా రిపోర్టు న్యూస్ ఎడిటర్ చేతిలో పడింది. పదింటికి దేశమంతా అసలు నిజం విన్నది.

చెల్లెలి ఇంట్లో టీవీ మోగుతూనే ఉంది. ఆమె సోఫాలో ఒరిగి, పరుగెత్తి వచ్చినట్టు ఊపిరి తీస్తోంది. ఆ ఊపిరిలో మాగిన పండ్ల వాసన.

అంబులెన్సులో, ఇరవై ఏళ్ల నియమం తప్పి, తను నిజంగా ఎవరో చెప్పాడు.

ఆమె కళ్లు సగం తెరిచింది. “అబద్ధం చెప్పడం నీకు చిన్నప్పటి నుంచీ రాదన్నయ్యా,” అంది.

తర్వాత మాట్లాడలేదు.

మధ్యాహ్నం ఆసుపత్రి వరండాలో కూర్చుని మిషన్ ఫారం నింపాడు. లక్ష్యం: నెరవేరింది. ప్రాణనష్టం: ఒకరు. ఏజెంట్ అసలు గుర్తింపు ఎవరికైనా తెలిసిందా?



‘లేదు’ అని రాశాడు.